ఆమె మాటే పరీక్ష

మూత్రం ఆపుకోలేని తొందర స్కానింగులో కనిపించదు. రక్తపరీక్షలో తేలదు. మూత్రాశయంలో ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేసినా, ఇంట్లో రోజూ బట్టలు తడుపుకునే మనిషికి అక్కడ అంతా సవ్యంగానే ఉన్నట్టు గీత రావచ్చు. ఆ తొందర ఉందని చెప్పగలిగేది దాన్ని పడే మనిషి ఒక్కతే. ఆమె నోరు విప్పితే వైద్యం మొదలవుతుంది, విప్పకపోతే మొదలవదు. స్త్రీల మూత్రాశయపు తొందరకు నరాల ద్వారా చేసే చికిత్స గురించి తెలుగులో వచ్చిన ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. రచయిత్రి ఈ సంగతిని ఒక పేరాలో చెప్పి దాటిపోలేదు, పుస్తకం మొత్తాన్ని దాని మీదే నిలబెట్టింది.

ఈమె నా దగ్గర స్త్రీల వైద్యం చదువుకున్న అమ్మాయి. కాన్పులు, ఆపరేషన్ల హడావుడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మూత్ర సమస్యల వైపు మళ్ళి అక్కడే స్థిరపడింది. రాతప్రతి తెచ్చి ఇచ్చినప్పుడు, "మెచ్చుకోలు ఎలా ఉన్నా పరవాలేదు మేడమ్, తప్పులుంటే మాత్రం వదలకండి" అంది. గురువును కాబట్టి రెండో పని ముందు చేశాను. ఇక మొదటిది చేయడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఈ ఇబ్బంది అరుదైనదేమీ కాదు. కెనడా, జర్మనీ, ఇటలీ, స్వీడన్, బ్రిటన్ దేశాల్లో జరిపిన ఒక పెద్ద సర్వే 2006లో వెలువడింది. అందులో వయసొచ్చిన ప్రతి 100 మంది స్త్రీలలో దాదాపు 13 మందికి ఓవర్‌యాక్టివ్ బ్లాడర్, అంటే ఈ తొందర జబ్బు లక్షణాలు ఉన్నట్టు తేలింది. అంకెలు పరాయి దేశాలవే అయినా మనుషులు మాత్రం మనకు బాగా తెలిసినవాళ్ళే. ఊరు ప్రయాణమంటే పొద్దున్నుంచే మంచినీళ్ళు మానేసే అత్తగారు, బస్సెక్కగానే మధ్యలో ఎక్కడ ఆపుతారని కండక్టరును అడిగే టీచరమ్మ, కల్యాణ మంటపంలో అడుగుపెట్టి పెళ్ళికూతుర్ని చూడకముందే బాత్రూమ్ ఎటుందో చూసుకునే పిన్ని, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చోలేక తిరుమల ప్రయాణమే మానుకున్న పెద్దావిడ, నమాజుకు చేసుకున్న వజూ నిలవడం లేదని బాధపడే పాతబస్తీ అమ్మ, వీళ్ళందరూ ఈ పుస్తకంలో ఉన్నారు. వీళ్ళలో ఎవరూ తమను రోగులనుకోరు. కాన్పులయ్యాక ఇంతేననీ, వయసు మీద పడితే ఇంతేననీ సర్దుకుపోతారు. రాత్రి నాలుగైదు సార్లు లేచి చీకట్లో తడుముకుంటూ వెళ్ళి జారిపడి తుంటి ఎముక విరిగాక గానీ ఇంట్లోవాళ్ళకు సంగతి తెలియదు.

మొదటి అధ్యాయంలోనే రచయిత్రి రెండు ఇబ్బందులను విడదీసింది. దగ్గినా తుమ్మినా బరువెత్తినా చుక్కలు పడడం ఒకటి. అది కటి కండరాల పట్టు సడలడం వల్ల వచ్చేది. ఉన్నట్టుండి తొందర ముంచుకొచ్చి, గొళ్ళెం తీసేలోపే జారిపోవడం మరొకటి. నరాలకు విద్యుత్తు ఇచ్చే చికిత్స ఈ రెండోదానికే. రెండూ కలిసి ఉన్నవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. ఏది ఎక్కువ బాధిస్తోందో వాళ్ళే చెప్పాలి. మొదటిదానికి రెండోదాని వైద్యం చేస్తే డబ్బూ పోతుంది, వైద్యం మీద నమ్మకమూ పోతుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పిన అధ్యాయం పదో తరగతి చదివినవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మూత్రం నిండుతున్నంతసేపు మూత్రాశయపు కండరం సడలి ఉండాలి, దాని మూతి బిగిసి ఉండాలి. వదిలేటప్పుడు ఇది తారుమారు కావాలి. నిలుపుకోవడానికి తోడ్పడే నరాలు వెన్నులో నడుము పైభాగం నుంచి వస్తాయి. వదలమని చెప్పేవి నడుము కింద త్రికాస్థి దగ్గర బయటికొచ్చే ఎస్2, ఎస్3, ఎస్4 నరాలు. పైన మెదడు కాండంలో ఈ రెంటినీ నడిపించే కేంద్రం ఒకటుంది. దాన్ని 1925లో బారింగ్టన్ అనే బ్రిటిష్ సర్జను పిల్లుల మీద ప్రయోగాలు చేసి గుర్తించాడు. మామూలుగా 150 నుంచి 200 మి.లీ. నిండినప్పుడు మొదటి కబురు పైకి వెళుతుంది. మెదడు 'ఇప్పుడు కాదు' అంటుంది, మనం మన పనిలో పడిపోతాం. 400 మి.లీ. దాకా ఇబ్బంది లేకుండా ఆగగలం. తొందర జబ్బులో ఈ కబుర్లు వేళగాని వేళ, అవసరానికి మించి వెళుతుంటాయి. నిద్రలో బిడ్డ కాస్త కదిలినా ఉలిక్కిపడి లేచే కొత్త తల్లిలా నరాల వ్యవస్థ ప్రతి కదలికకూ పరుగెడుతుందని రచయిత్రి రాసింది. తల్లిని తిట్టి లాభం లేదు, బిడ్డ నోరు మూసీ లాభం లేదు, ఏ కదలికకు లేవాలో దేనికి అక్కర్లేదో నేర్పడమే వైద్యం అని ఆమె భావం.

నరాల చికిత్స మీద పుస్తకం అనగానే మిషన్లతో మొదలవుతుందనుకున్నాను. మొదలైంది నోటుబుక్కుతో. వరసగా మూడు రోజులు ఏ వేళకు ఎంత తాగారు, ఏ వేళకు ఎంత మూత్రం పోశారు, తొందర ఎంత గట్టిగా వచ్చింది, బట్ట తడిసిందా లేదా అని రాసిపెట్టాలి. కొలవడానికి గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు చాలు. ఈ మూడు రోజుల లెక్క ఎన్ని రహస్యాలు బయటపెడుతుందో చూపించిన అధ్యాయం ఈ పుస్తకానికి వెన్నెముక. చాలాసార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెం పోస్తుంటే తొందర జబ్బు కావచ్చు. చాలాసార్లు, ప్రతిసారీ నిండుగా పోస్తుంటే షుగర్ చూడాలి, ఎంత తాగుతున్నారో చూడాలి. పగలంతా బాగానే ఉండి రాత్రి మాత్రమే నిండుగా పోస్తుంటే కాళ్ళ వాపు, గుండె, నిద్ర సంగతి చూడాలి, బీపీకి వేసుకునే నీరు మాత్ర సాయంత్రం పూట పడుతోందేమో అడగాలి. మంట, రక్తం కనిపిస్తే ముందు మూత్రపరీక్ష చేయాలి. ఒక్క మిషను కూడా ముట్టుకోకముందే సగం చిక్కుముళ్ళు ఇక్కడే విడిపోతాయి.

నీళ్ళు మానేయడం మీద ఆమె రాసిన నాలుగు పేజీలను ప్రతి ఇంట్లోనూ చదివి వినిపించాలి. తాగడం తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. మలబద్ధకం వచ్చి పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. మన ఎండల్లో కిడ్నీల మీదా భారం పడుతుంది. తగ్గించాల్సింది కాఫీ, టీలు. మంచినీళ్ళు తగ్గించకూడదు.

తర్వాత వచ్చేది మూత్రాశయానికి శిక్షణ. గడియారం చూసుకుని వెళ్ళడం, ఆ ఎడాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం ఇందులో పద్ధతి. లివర్‌పూల్‌కు చెందిన జెఫ్‌కోట్, ఫ్రాన్సిస్‌తో కలిసి స్త్రీల ఈ తొందర మీద 1966లో రాసిన వ్యాసాన్ని రచయిత్రి ఇక్కడ ప్రస్తావించింది. నా తరం వాళ్ళకు జెఫ్‌కోట్ అంటే గైనకాలజీ పాఠ్యపుస్తకమే. మన దేశంలో ఆ పుస్తకం కొత్త కూర్పులతో ఈనాటికీ నడుస్తోంది. ఆయన పేరు ఇక్కడ చూసి పాత చుట్టం ఎదురైనట్టు సంతోషించాను. దీంతోపాటు కటి కండరాల వ్యాయామం, తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా ఆగి, ఆ కండరాలను నాలుగైదు సార్లు గట్టిగా బిగించి, తొందర తగ్గాక నడిచి వెళ్ళడం కూడా వివరంగా చెప్పింది.

ఇవి చాలనివాళ్ళకు మందులున్నాయి. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనసిన్ తరహా మందులతో నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ముసలివాళ్ళలో తికమక, మతిమరుపు భయమూ ఉంది. మిరాబెగ్రాన్‌తో నోరెండడం తక్కువ కానీ బీపీ చూసుకుంటూ ఉండాలి. చాలామంది కొన్ని నెలలకే మందు మానేస్తారు. అక్కడి నుంచే ఈ పుస్తకపు అసలు కథ మొదలవుతుంది.

మూత్రాశయం బాగుపడాలంటే కాలి చీలమండ దగ్గర సూది గుచ్చడమేమిటని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు రచయిత్రి చరిత్రతో జవాబు చెప్పింది. 1983లో అమెరికన్ యూరాలజిస్టు ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్, చైనా ఆక్యుపంక్చర్ బిందువులను ఆధారం చేసుకుని కాలి నరాల మీద అతుకులు పెట్టి విద్యుత్తు ఇచ్చిన అనుభవాన్ని ప్రచురించాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్షల్ స్టోలర్ అతుకుల బదులు సన్నటి సూది వాడే పద్ధతిని తీర్చిదిద్దాడు. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. శరీరశాస్త్రం చెప్పే కారణం ఇది. చీలమండ లోపలి వైపు పోయే టిబియల్ నరం పోగులు మూత్రాశయాన్ని చూసే ఎస్2, ఎస్3 మూలాల్లోకే వెళ్ళి కలుస్తాయి. కాలి నుంచి పైకి వెళ్ళే సంకేతాలు వెన్నులో ఆ అంతస్తు దగ్గర మూత్రాశయపు అతి కబుర్లను అణుస్తాయి. ఇందులో వెన్ను పాత్ర ఎంత, మెదడు పాత్ర ఎంత అన్నది పరిశోధకులు ఇంకా తేలుస్తూనే ఉన్నారు. ఆ మాటను రచయిత్రి దాచలేదు.

చికిత్స చేసే తీరును ఆమె చూపినట్టే రాసింది. చీలమండ లోపలి ఎముకకు మూడు వేళ్ళ పైన, ముంగాలి ఎముకకు కాస్త వెనగ్గా 34 గేజి సూదిని ఏటవాలుగా దించుతారు. పాదం లోపలి వైపు ఒక అతుకు అంటిస్తారు. సెకనుకు 20 సార్లు చొప్పున చిన్న విద్యుత్ తరంగాలు పంపుతూ, బొటనవేలు ముడుచుకునే దాకానో అరికాలిలో జుమ్మని తెలిసే దాకానో కరెంటు పెంచుతారు. 30 నిమిషాలు కూర్చోవాలి. వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు. మత్తు అక్కర్లేదు, కోత లేదు, ఆ పూటే ఇంటికి వెళ్ళి వంట చేసుకోవచ్చు. సూది దిగినచోట కాస్త నొప్పి, చుక్క రక్తం, చిన్న కమిలిన మచ్చ రావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, రక్తం గడ్డకట్టని జబ్బులున్నవాళ్ళకు ఇది చేయరు. మొదటి కొన్ని వారాలు ఏ మార్పూ కనిపించకపోవచ్చనీ, అక్కడ ఆగిపోవద్దనీ ఆమె హెచ్చరించింది.

ఫలితాల దగ్గర ఈ అమ్మాయి నిజాయితీ నన్ను కట్టిపడేసింది. 2010లో అచ్చయిన అమెరికన్ పరీక్షలో 220 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు చికిత్స, ఇంకో గుంపుకు సూది గుచ్చినట్టే అనిపించే ఉత్తుత్తి చికిత్స. చివరికి, మెరుగు బాగా ఉందన్నవాళ్ళు అసలు గుంపులో 54.5 శాతం, ఉత్తుత్తి గుంపులో 20.9 శాతం. ఏ మందుల కంపెనీ కరపత్రమైనా మొదటి అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తుంది. రచయిత్రి రెండో అంకె దగ్గర ఆగి ఒక పేజీ రాసింది. వారం వారం ఒకరు పక్కన కూర్చుని తమ మాట విన్నందుకే ఐదుగురిలో ఒకరికి మెరుగనిపించిందంటే వినడానికి ఉన్న విలువ ఎంతో చూడమంది. అసలు చికిత్స దానికి రెట్టింపుకు పైగా మేలు చేసిందంటే ఇది ఉత్త భ్రమ కాదని కూడా చూడమంది. దాదాపు సగం మందికి ఆశించినంత గుణం రాలేదన్న నిజాన్నీ పక్కనే పెట్టింది. ఇంకో సంగతి కూడా మనం గమనించాలి. ఈ అంకెలు యంత్రం కొలిచినవి కావు. 'మీకెలా ఉందమ్మా' అని అడిగితే వాళ్ళు చెప్పిన జవాబులు.

గుణం వచ్చినా 12 వారాలతో పని తీరిపోదు. చాలామందికి ఆ తర్వాత దాదాపు నెలకొకసారి కూర్చోవాల్సి వస్తుంది. బస్సు ప్రయాణమంటేనే భయపడే మనిషిని వారం వారం బస్సెక్కి రమ్మనడం ఈ చికిత్సలోని పెద్ద చిక్కు. వెంట ఒకరు రావాలి, ఆ రోజు కూలి పోతుంది, ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న ప్రశ్న వస్తుంది. పట్నం డాక్టర్లు రాసే పుస్తకాల్లో ఈ లెక్క కనిపించదు. ఇక్కడ కనిపించింది. అందుకే సూది లేకుండా, ఫిజియోథెరపిస్టుల దగ్గర ఉండే టెన్స్ మిషనుతో చీలమండ మీద అతుకులు పెట్టి ఇంట్లోనే చేసుకునే పద్ధతికి ఆమె ఒక అధ్యాయం ఇచ్చింది. అలాగని దాన్ని ఆకాశానికెత్తలేదు. దాని మీద జరిగిన పరీక్షలు చిన్నవనీ, బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019 మార్గదర్శకాల్లో దాన్ని సిఫారసు చేయలేదనీ, సూది పద్ధతిని కూడా మిగతావి ఫలించనప్పుడే, ఆచితూచి ఇవ్వమందనీ చెప్పింది. అమెరికా యూరాలజిస్టుల సంఘం 2012లో ఈ చికిత్సలను మూడో మెట్టుగా పెట్టి, 2024లో మెట్ల పద్ధతినే సడలించి, ఏది ముందన్నది రోగితో మాట్లాడి తేల్చుకోమన్న సంగతీ చెప్పింది. పెద్దలు ఏకాభిప్రాయానికి రానిచోట వచ్చినట్టు నటించకపోవడం వైద్య రచనలో పెద్ద గుణం.

ఎస్3 నరం పక్కన సన్నటి తీగ అమర్చి, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ పరికరం పెట్టే పద్ధతి మరొకటి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎమిల్ తనాఘో, రిచర్డ్ ష్మిట్‌లు 1980ల్లో దీనికి బాట వేశారు. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందులో నాకు ముచ్చటగా తోచింది పరీక్షా కాలం. ముందు తీగ మాత్రమే పెట్టి ఒకటి రెండు వారాలు బయటి పరికరంతో నడుపుతారు. ఆ రోజుల్లో చికిత్స పొందే స్త్రీ మళ్ళీ నోటుబుక్కు రాస్తుంది. ఇబ్బంది కనీసం సగానికి తగ్గితేనే లోపలి పరికరం పెడతారు, లేకపోతే తీగ తీసేస్తారు. లక్షల ఖరీదు చేసే పరికరం పెట్టాలా వద్దా అన్నది చివరికి ఆమె రాసుకున్న పేజీలే తేలుస్తాయి.

అదే నరాల చికిత్సను మూత్రాశయంలో ఇచ్చే బోటాక్స్ ఇంజెక్షన్‌తో పోల్చిన పరీక్ష 2016లో అచ్చయింది. అందులో అందరూ స్త్రీలే. ఆరు నెలల్లో రోజుకు సగటున తగ్గిన తడుపులు బోటాక్స్‌తో 3.9, నరాల పరికరంతో 3.3. బోటాక్స్‌దే కాస్త పైచేయి. కానీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు బోటాక్స్ తీసుకున్నవాళ్ళలో 35 శాతానికి, పరికరం పెట్టినవాళ్ళలో 11 శాతానికి వచ్చాయి. ఏది మేలో ఈ పుస్తకం తీర్పు చెప్పదు. మీకు ఏ ఇబ్బంది భరించగలిగినది, ఏది కాదు అని అడుగుతుంది. 2022లో, 2023లో అమెరికా అనుమతి పొందిన, చీలమండ దగ్గరే చర్మం కింద అమర్చే చిన్న పరికరాల గురించి కూడా క్లుప్తంగా చెప్పి ఊరుకుంది. కొత్తదనానికి మురిసిపోయి పేజీలు నింపలేదు.

ఇక నా ఫిర్యాదులు. ఇంట్లో అతుకులు పెట్టుకునే అధ్యాయంలో జాగ్రత్తలు చివరన ఉన్నాయి, అవి మొదటి పేజీకి రావాలి. మన జనం మిషను కొనేశాక పుస్తకం చివర చదువుతారు. ఇన్‌ఫెక్షన్, షుగర్, మూత్రంలో రక్తం, గర్భసంచి జారడం లాంటివి లేవని డాక్టరు చూసిన తర్వాతే ఆ మిషను ముట్టుకోవాలన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. రెండో ఫిర్యాదు ఇంకాస్త పెద్దది. ఏ చికిత్సా ఫలించనివాళ్ళు ఏం చేయాలన్నదానికి ఇక్కడ ఒకటిన్నర పేజీ మాత్రమే ఉంది. సగం మందికి గుణం రాకపోవచ్చని నిజాయితీగా చెప్పినప్పుడు, ఆ సగం మందికి ఒక అధ్యాయం బాకీ పడినట్టే. ప్యాడ్లు ఎలా ఎంచుకోవాలి, చర్మం ఒరుసుకుపోకుండా ఏం చేయాలి, రాత్రి మంచం పక్క దీపం, బెడ్‌పాన్ లాంటి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి, ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడాలి అన్నవన్నీ అందులో రావాలి. మందు లేనిచోట కూడా వైద్యం ఉంటుందని ఆ అధ్యాయం చెప్పాలి.

ఈ పుస్తకం డాక్టర్ల బల్లల మీద ఉంటే చాలదు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తల చేతికి, నర్సుల చేతికి, ఫిజియోథెరపిస్టుల చేతికి వెళ్ళాలి. 'ఒంటికి వెళ్ళడంలో ఏమైనా ఇబ్బందా అమ్మా' అని ముందుగా అడగగలిగేది వాళ్ళే. బీపీ చూసినంత మామూలుగా ఆ ప్రశ్న అడిగే రోజు వస్తే, ఇందులో రాసిన చికిత్సల్లో సగం అవసరమే పడకపోవచ్చు. మిగతా సగం అవసరమైనవాళ్ళు మాత్రం పదేళ్ళు ఆలస్యంగా కాక, వేళకు వస్తారు.

కష్టమైన విషయాన్ని సిగ్గుపడకుండా, సిగ్గుపరచకుండా, అమ్మకపు గొంతు లేకుండా చెప్పినందుకు రచయిత్రికి నా మనసారా ఆశీస్సులు. ఈ ప్రతులు త్వరగా అమ్ముడుపోవాలి. రెండో ముద్రణలో నేనడిగిన ఆ అధ్యాయం చేరాలి. ముందుమాట రాసిన పెద్దదాని మాట ఈ అమ్మాయి తీసేయదని నా నమ్మకం.